ఎవరి సాయమూ అక్కర్లేని బల్ల

మా నాన్న ఆ బల్ల మొదలుపెట్టింది మనుషులతో విసిగిపోయి.

మా చిలోయె ద్వీపంలో మనిషి ఒక్కడే చేసుకోగల పని దాదాపు లేదు. పలక చిత్రిక పట్టాలంటే అవతలి కొస ఎవరో పట్టుకోవాలి. పడవ ఒడ్డుకెక్కించాలంటే ఆరుగురు కావాలి. బంగాళదుంపలు తవ్వాలంటే ఊరంతా కావాలి. ఇంటికి వెళ్ళి అడిగితే వస్తారు, రామని ఎవరూ అనరు. కానీ వచ్చినవాళ్ళకి కడుపు పగిలేలా పెట్టాలి, వాళ్ళు పిలిచిన రోజున మనం వెళ్ళాలి. దాన్ని మేం బదులు రోజు అంటాం. పలక కొస పది నిమిషాలు పట్టుకున్న పాపానికి ఎవరి దుంపల చేలోనో పొద్దంతా నడుం వంచి వచ్చాడు మా నాన్న సొఫనోర్ ఒకసారి. గుమ్మంలో బురద బూట్లు విప్పుతూ అన్నాడు:

"ఇక చాలు. పలక పట్టుకోవడానికి మనిషెందుకు? మంచి వడ్రంగి బల్ల ఉంటే అదే పట్టుకుంటుంది. దానికి అన్నం పెట్టక్కర్లేదు."

"దానితో మాట్లాడనూ అక్కర్లేదు," అంది మా అమ్మ ఉబెర్లిందా, పొయ్యిలో కట్టె ఎగదోస్తూ.

సాల్మన్ చేపల ఫ్యాక్టరీలో నాన్నకు పని పోయి అప్పటికి మూడు నెలలు. ఊరి చర్చికి ఆరు కిటికీలు చేసిస్తానని ఒప్పుకున్నాడు. పని పోయాక దొరికిన మొదటి పని అది. బల్ల లేకుండా కిటికీలు మొదలుపెట్టనన్నాడు. పాదిరీ మా ఊరికి ఏడాదికి రెండుసార్లే వస్తాడు కాబట్టి తొందరపెట్టేవాళ్ళు లేరు, వాన తప్ప.

ఫోన్‌లో ఒక జర్మన్ ముసలాయన బల్ల చేస్తుంటే నాన్న ప్రతి పూటా చూసేవాడు. ఆయన మాటల్లో నాన్నకి ఒక్కటీ అర్థం కాదు. అదే బాగుందనేవాడు నాతో. "చూశావా ఒతీలియా, ఎంత చెప్పినా సలహా ఇచ్చినట్టుండదు."

ఇంటి వెనక మా తాత కట్టిన షెడ్డు ఉంది. అందులో అయిదు నెలలు పట్టింది బల్ల. పై పలక నాన్న జానెడు మందం, ఇద్దరు మనుషులు బారుగా పడుకోగలిగినంత పొడవు. దానికి మేకులు లూమా కర్రతో చెక్కాడు. లూమా ఎంత గట్టిదంటే ఇనప మేకు కొడితే మేకే సిగ్గుపడి వంగుతుంది. పలకను బిగించి పట్టే మర కూడా లూమాతోనే. ఆ మర చుట్లు చెక్కడానికే ఒక నెల.

మా షెడ్డు నేల మోకాలెత్తు దిమ్మెల మీద ఉంటుంది, మా ఇళ్ళన్నీ అంతే. నడిస్తే కాస్త ఊగుతుంది. జర్మన్ ఆయన బల్ల ఊగలేదు. అందుకని నాన్న నేల పలకల్లో నాలుగు కన్నాలు కోసి, బల్ల కాళ్ళని వాటిలోంచి కిందికి దించి, భూమిలో నడుం లోతు పాతాడు. చుట్టూ సముద్రపు ఒడ్డు రాళ్ళు వేసి కూరాడు. రాళ్ళు అందించింది నేనే. అది సాయం కిందికి రాదట, నేను ఇంటి మనిషిని కాబట్టి. తరవాత కాళ్ళ చుట్టూ సందులు కనపడకుండా చెక్క ముక్కలు అతికాడు. పైనుంచి చూస్తే బల్ల నేల మీద నిలబడ్డట్టే ఉంటుంది. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు.

"ఇప్పుడు భూకంపం వచ్చినా కదలదు," అన్నాడు.

ఫిబ్రవరిలో క్లొదొమీరో మామ ఇల్లు లాగారు. మా దగ్గర ఇల్లు నచ్చి, ఉన్నచోటు నచ్చకపోతే ఇంటినే లాక్కెళ్ళి నచ్చినచోట పెడతారు. కింద దుంగలు దూర్చి, ముందు ఎద్దుల్ని కట్టి, ఊరంతా తాళ్ళు పట్టుకుంటుంది. క్లొదొమీరో మామ రెండు వారాల ముందే మా గుమ్మంలోకి వచ్చి, టోపీ తీసి, "మీ సాయం వేడుకోవడానికి వచ్చాను," అని పద్ధతిగా అడిగి వెళ్ళాడు. నాన్న వస్తానన్నాడు. కానీ ఆ పొద్దున్నే బల్ల పై పలకలకి జిగురు రాశాడు. అది రాశాక అరగంటలో బిగించాలి, బిగించాక సాయంత్రం దాకా కనిపెట్టుకుని ఉండాలి. నేనూ అమ్మా దుంప రొట్టెలు పట్టుకుని వెళ్ళాం. నాన్న రాలేదు. కబురూ చెప్పలేదు.

ఎవరూ ఏమీ అనలేదు. మా ఊళ్ళో ఎవరూ ఏమీ అనకపోతేనే భయపడాలి.

ఏప్రిల్‌లో పట్టణం నుంచి భూమి కొలిచేవాళ్ళు వచ్చారు. మూడు కాళ్ళ పరికరం పెట్టి ఒక కన్ను మూసి చూశారు. చూసి, మా షెడ్డు మొత్తం పక్కింటి ఎదువీనా అత్త పొలంలో ఉందని తేల్చారు. అరవై ఏళ్ళుగా ఉందట. తాత పోయాడు, ఎదువీనా అత్త నాన్నా పోయాడు, వాళ్ళిద్దరూ ఏం అనుకున్నారో చెప్పేవాళ్ళు లేరు.

ఎదువీనా అత్త మా షెడ్డు పక్కన నిలబడి ఉన్ని అల్లుతూనే మాట్లాడింది. "నాకేం అక్కసు లేదు సొఫనోర్. మే నెల మొదటి ఆదివారానికి నా అల్లుడు కంచె వేస్తాడు. కంచెకి అవతల ఉన్నది నీది, ఇవతల ఉన్నది నాది. షెడ్డు నాకైతే మాత్రం బాగా పనికొస్తుంది. ఆ బల్ల కూడా. పందిని కోసుకోవడానికి ఎత్తు సరిగ్గా ఉంది."

నాన్న ఆ రోజు అన్నం తినలేదు.

"ముక్కలుగా కోసి బయటికి తెచ్చుకో, మళ్ళీ అతుక్కో," అంది అమ్మ.

"నన్ను కొయ్యి ముందు."

"అయితే షెడ్డు లాగించు. క్లొదొమీరోని అడుగు. నాలుగు జతల ఎద్దులు ఆయన దగ్గరే ఉన్నాయి."

నాన్న పొయ్యి వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు, చివరికి నా వైపు చూశాడు. "ఒతీలియా వెళ్తుంది."

నేను క్లాసులో నా పేరు పిలిస్తే 'ఉన్నాను' అనడానికి బదులు చెయ్యి ఎత్తే రకం. పైగా ఇది పిల్లల్ని పంపే పని కాదు. ఇంటి పెద్ద తన కాళ్ళతో నడిచి, తన నోటితో అడగాలి.

"ఇది అడగడమా? చిన్నపిల్లని పంపడం కూడా ఒక అడగడమేనా?" అంది అమ్మ.

"నాకు పని ఉంది," అన్నాడు నాన్న. ఏం పనో చెప్పలేదు.

అమ్మ ఇచ్చిన రొట్టె మూట పట్టుకుని క్లొదొమీరో మామ ఇంటికి వెళ్ళాను. మామ పొట్టిగా, గుండ్రంగా, పొయ్యి పక్కనే కూర్చుని మాతే ఆకు కషాయం పీలుస్తున్నాడు. నేను మూట బల్ల మీద పెట్టి నిలబడ్డాను.

"ఎవరైనా పోయారా?" అన్నాడు.

తల అడ్డంగా ఊపాను.

"మరి రొట్టెలెందుకు? పెళ్ళా? నీకేనా?"

"కాదు మామా."

"హమ్మయ్య, నోరుంది. మీ నాన్నకి కాళ్ళు పడిపోయాయా?"

"లేదు మామా."

"నోరు పడిపోయిందా?"

"లేదు."

"అయితే ఇంట్లో నోరున్నవాడిని కూర్చోబెట్టి, లేనిదాన్ని పంపించారన్నమాట." మూట విప్పి ఒక రొట్టె కొరికాడు. చాలాసేపు నమిలాడు. "మీ అమ్మ చేతి రొట్టె. ఇది తిన్నాక రానని ఎలా అంటాను? వస్తానని చెప్పు. నా ఎద్దులు కూడా ఊరికే పడుకుని బలుస్తున్నాయి. కానీ ఒతీలియా, మీ నాన్న మాట బాకీ ఉన్నాడు నాకు. అది మీ అమ్మ రొట్టెతో చెల్లదు."

ఆయన వస్తున్నాడని తెలిసి మిగతా ఇళ్ళవాళ్ళు నేను నోరు తెరిచేలోపే సరేనన్నారు. నాకది పెద్ద ఉపకారం.

ఏప్రిల్ చివరి శనివారం నలభై మంది వచ్చారు. అమ్మ, పిన్ని, నేను ముందురోజంతా దుంపలు తురిమి నడుములు పడిపోయి ఉన్నాం. గొర్రె ఒకటి కాలుతోంది. ఆపిల్ కల్లు రెండు పీపాలు. క్లొదొమీరో మామ ఎనిమిది ఎద్దుల్ని తోలుకుని వచ్చి నాన్న ముందు ఆగాడు. ఆగి, ఎదురుచూశాడు.

"వాన పడేలా లేదు," అన్నాడు నాన్న.

"లేదు," అన్నాడు మామ, ఇంకా ఆగి.

"ఎద్దులు బాగున్నాయి."

"బాగున్నాయి." మామ కాసేపు చూసి, కాడి సర్దుకోవడానికి వెళ్ళిపోయాడు.

దుంగలు దూర్చారు, తాళ్ళు కట్టారు. షెడ్డు కింద అడ్డంగా గడ్డి, చెత్త, పాత గంపలు కుక్కి ఉన్నాయి కాబట్టి బల్ల కాళ్ళు ఎవరికీ కనపడలేదు. లాగేముందు పెద్దగా ఒక మాట అడగడం ఆనవాయితీ. మామ కర్ర పైకెత్తి అడిగాడు:

"నేలకి కట్టింది ఏమైనా ఉందా?"

పొగగొట్టాలూ పైపులూ మరిచిపోతారని అడుగుతారు అలా. మూడుసార్లు అడుగుతారు.

"ఏమీ లేదు," అన్నాడు నాన్న.

తరవాత నాన్న అమ్మతో చెప్పాడు, ఎనిమిది ఎద్దులు లాగితే కాళ్ళు పన్ను ఊడినట్టు ఊడి వచ్చేస్తాయనుకున్నాడట. అప్పుడే చెబితే, కోసెయ్యమంటారని భయం.

"నేలకి కట్టింది ఏమైనా ఉందా?"

"లేదయ్యా, లేదు."

నేను నాలుగడుగుల దూరంలో కుండ పట్టుకుని ఉన్నాను. 'ఉంది' అన్న మాట నోటి దాకా వచ్చింది. అక్కడ నలభై మందిని చూసి ఆగిపోయింది.

మూడోసారి నాన్న చెయ్యి ఊపాడు, లాగమని.

ఎద్దులు ముందుకు వంగాయి. తాళ్ళు బిగిశాయి. షెడ్డు మూలిగింది గానీ కదల్లేదు. "ఎత్తుకో! ఎత్తుకో!" అని అరిచాడు మామ. ఎద్దుల గిట్టలు బురదలో దిగబడ్డాయి. అప్పుడు లోపల్నుంచి ఒక చప్పుడు వచ్చింది, పెద్ద రొట్టెని విరిచినట్టు. నేల పలకలు చీలాయి. షెడ్డు ఒక బార కదిలింది, రెండు బారలు కదిలింది. వెనక గోడ ముందు ఉబ్బింది, తరవాత పలక పలకగా ఊడి గడ్డిలో పడింది. అడ్డు వదిలేసరికి ఎద్దులు ఆగలేదు. షెడ్డు ఒక్క పరుగున సరిహద్దు దాటి మా స్థలంలోకి వచ్చి, కాస్త ఒరిగి, నిలబడింది.

బల్ల మాత్రం ఉన్నచోటే ఉంది. ఎదువీనా అత్త పొలం మధ్యలో, ఆకాశం కింద, పొడుగు కాళ్ళ మీద. దాని మీద నాన్న లూమా మేకులు పెట్టుకున్న గాజు సీసా ఉంది. సీసా కూడా పడలేదు.

క్లొదొమీరో మామ నడిచి వెళ్ళి, బల్లని అరచేత్తో తోశాడు. భుజంతో తోశాడు. వంగి కాళ్ళు భూమిలోకి పోయిన చోటు చూశాడు.

"అబద్ధం చెప్పాడు గానీ," అన్నాడు, "పని బాగా చేశాడు."

ఒకళ్ళు నవ్వారు, తరవాత అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు. ఎదువీనా అత్త సూదులు ఆపి, "నా కంచెకి ఇవతలే ఉందిగా," అంది. "పంది నవంబర్ నాటికి ఎదుగుతుంది."

వాన మొదలైంది. మా వాన గట్టిగా పడదు, ఆగదు. ఎండిన చెక్క ఒకసారి నీళ్ళు తాగితే ఉబ్బి అతుకులు విడిపోతాయి. నాన్న ఒక పాత తెరచాప గుడ్డ తెచ్చి బల్ల మీద కప్పాడు. చేతి రంపం తీసుకుని మోకాళ్ళ మీద కూర్చుని ఒక కాలు కోయడం మొదలుపెట్టాడు. అది కిటికీ చట్రాలకి వాడే రంపం.

మిగతావాళ్ళు గొర్రె దగ్గర చేరారు. వాళ్ళని పిలిచింది షెడ్డు లాగడానికి, షెడ్డు వచ్చింది. బల్ల కోయమని ఎవరూ అడగలేదు. అడక్కుండా ఒకరి పనిలో చెయ్యి పెడితే, వాడు చేతకానివాడని ఊరంతటి ముందు చెప్పినట్టే. మర్యాద తెలిసినవాళ్ళు ఎవరూ పెట్టరు. అందుకని నలభై మంది మర్యాదగా పళ్ళేలు పట్టుకుని, దుంపలు తింటూ, మా నాన్న వానలో ఒంటరిగా కోసుకోవడం చూశారు. గంట గడిచేసరికి రంపం రెండు వేళ్ళు దిగింది. నాలుగు కాళ్ళు ఉన్నాయి. పొద్దు వాలితే వీళ్ళు వెళ్ళిపోతారు. ఆదివారానికి కంచె వస్తుంది.

అమ్మ అటు చూడకుండా అందరికీ వడ్డిస్తోంది. "ఇంకొంచెం వేసుకోండి, ఇంకొంచెం," అంటోంది, వాళ్ళు తింటూ ఉంటే వెళ్ళరని.

నాకు మాట రాదు. కానీ కాళ్ళు వస్తాయి. క్లొదొమీరో మామ ఎడ్లబండి దగ్గరికి వెళ్ళాను. అందులో దుంగలు కోసే పెద్ద రంపం ఉంది, రెండు వైపులా పిడులున్నది, ఇద్దరు చెరోవైపు లాగేది. నా ఎత్తు కంటే పొడుగు. ఈడ్చుకుంటూ పొలం మధ్యలోంచి నడిచాను. నలభై మందీ నన్నే చూస్తున్నారని వీపుకి తెలుస్తోంది. దాన్ని నాన్న పక్కన గడ్డిలో పెట్టి, ఏమీ అనకుండా వెనక్కి వచ్చేశాను.

నాన్న ఒక పిడి పట్టుకున్నాడు. రెండో పిడి గడ్డిలో ఉంది. దాన్నే చూస్తూ చాలాసేపు ఉన్నాడు. లేచాడు. టోపీ తీశాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"క్లొదొమీరో," అన్నాడు అక్కణ్ణుంచే. "నీ..."

"ఆగు," అన్నాడు మామ. పళ్ళెం కింద పెట్టి మూతి తుడుచుకున్నాడు. "పొలంలో నిలబడి కేకలేస్తే అది అడగడం కాదు. అడగడానికి గుమ్మం ఉండాలి."

చెప్పి, తిన్నగా మా షెడ్డులోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. వెనక గోడ లేదు కాబట్టి ఆయన లోపల చీలిన నేల మీద ఒక పలక మీంచి ఇంకో పలక మీదికి కాలు వేసుకుంటూ, కుర్చీ లేకపోయేసరికి ఒక పెట్టె మీద కూర్చోవడం అందరికీ కనపడుతూనే ఉంది. అందరూ పళ్ళేలతో సహా అటుపక్కకి చేరారు.

నాన్న నడిచి వచ్చి తన షెడ్డు తలుపు తానే తట్టాడు.

"ఎవరది?" అన్నాడు మామ.

"నేను. సొఫనోర్."

"ఏ సొఫనోర్? మా ఇల్లు లాగిన రోజు రానివాడా?"

నాన్న చేతిలోని టోపీ పిండాడు. "ఆ. వాడే."

"అయ్యో, వానలో తడుస్తున్నావా? ఏం పని మీద వచ్చావు నాయనా?"

"తెలుసుగా, ఎందుకయ్యా ఇదంతా..."

"నాకేం తెలుసు? ఇంట్లో కూర్చున్నవాణ్ణి."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎదువీనా అత్త "ఊరుకోండి, అడగనివ్వండి," అని కసిరింది. నాన్న తలుపుకి మొహం దగ్గరగా పెట్టాడు. గొంతు నాకు గుర్తుపట్టడానికి వీల్లేనంత చిన్నగా ఉంది. నా గొంతులాగే ఉంది.

"నీ సాయం వేడుకోవడానికి వచ్చాను, క్లొదొమీరో. ఒక్కణ్ణే చేసుకోలేకపోతున్నాను. ఆ రోజు రానందుకు... తప్పు నాదే. నేలకి కట్టింది ఉందని చెప్పకపోవడం కూడా."

తలుపు వెంటనే తెరుచుకుంది. మామ ఆటపట్టించడానికి ఇంకా ఏవో దాచుకున్నాడని మొహం చూస్తే తెలుస్తోంది, కానీ వాడలేదు.

"అంతేగా," అన్నాడు. "పద, చీకటి పడుతుంది."

ఆ పెద్ద రంపానికి ఒక్కో కాలికి పది నిమిషాలు పట్టలేదు. మొదలుపెట్టేముందు "ఎంత ఎత్తులో కోద్దాం?" అని అడిగాడు మామ. నడుం దాకా ఉండాలన్నాడు నాన్న. మామ బల్ల పక్కన నిలబడి, బల్ల తన నడుం ఎత్తుకి వచ్చేలా చూసుకుని, కాళ్ళ మీద బొగ్గుతో గీత గీశాడు. మామ నాన్నకి చంక దాకా వస్తాడు. నాన్న నోరు తెరిచాడు, మళ్ళీ మూసుకున్నాడు. వేడుకుని పిలిచినవాడి కొలత తప్పని చెప్పే ధైర్యం మా ఊళ్ళో ఎవరికీ ఉండదు.

పన్నెండు మంది బల్లని భుజాల మీద ఎత్తుకుని, లేని గోడలోంచి షెడ్డులోకి తెచ్చి దించారు. ఆదివారం కంచె వచ్చింది. ఎదువీనా అత్త పొలంలో మిగిలిపోయిన నాలుగు మొద్దులకి ఆమె మేకల్ని కడుతోంది. అవి కదలవని అందరికీ చెబుతోంది.

నాన్న క్లొదొమీరో మామ దుంపల చేలో రెండు రోజులు పనిచేసి వచ్చాడు. ఇప్పుడు చర్చి కిటికీలు మొదలుపెట్టాడు. బల్ల పొట్టిదైపోయింది, నాన్న వంగి చిత్రిక పట్టాలి. సాయంత్రానికి నడుం పట్టుకుని లోపలికి వస్తాడు.

"కాళ్ళ కింద దిమ్మెలు పెట్టుకోవచ్చుగా," అంది అమ్మ నిన్న.

"పెట్టొచ్చు. కానీ పన్నెండు మంది ఎత్తి పట్టుకోవాలి."

"అయితే వెళ్ళి అడుగు."

నాన్న వీపు పొయ్యి వైపు తిప్పి కూర్చున్నాడు. "ఆలోచిస్తున్నా," అన్నాడు.